వెళ్ళొస్తా అనకూడని చోటు

ఆ వార్డులో ‘వెళ్ళొస్తా’ అనకూడదు. ఈ సంగతి తెలియక, పాపతో చేరిన రోజే తల్లి నాలిక కరుచుకుంది. కింద మందుల కొట్టుకి పోతూ పోతూ పక్క మంచం ఆవిడతో “వెళ్ళొస్తానక్కా, కాస్త పాపని చూస్తుండండి” అనేసింది అలవాటుగా. నేల తుడుస్తున్న ఆయమ్మ పని ఆపి, కర్ర మీద గడ్డం ఆనించి, ఎగాదిగా చూసింది.

“ఆ మాట ఇక్కడ పనికిరాదమ్మాయ్. వెళ్తున్నా అను చాలు. మళ్ళీ మళ్ళీ రావడానికి ఇదేమన్నా నీ పుట్టిల్లా?”

పక్క మంచం ఆవిడ ఫక్కున నవ్వింది. ఏడాదిన్నరగా ఆ వార్డు నీళ్ళు తాగుతున్న మనిషి, అక్కడి చాదస్తాలన్నీ ఆవిడకి కంఠతా. ఆవిడ కొడుక్కి ఏడేళ్ళు. సెలైన్ స్టాండుకి డబ్బా మూత ఒకటి కట్టుకుని, దాన్ని స్టీరింగులా తిప్పుతూ, వార్డు ఈ చివర్నించి ఆ చివరికి బస్సు నడిపేవాడు, అందుకని వాడు డ్రైవరు, ఆవిడ డ్రైవరమ్మ. ఐదేళ్ళ పాప వచ్చిన మూడో రోజుకే ఆ బస్సుకి కండక్టరైపోయింది. దూది చుట్టి వచ్చే నీలం కాగితం చింపి టికెట్లు ఇచ్చేది. స్టాండు గొట్టం మీద చెంచాతో రెండుసార్లు టక్ టక్ కొడితే బస్సు బయల్దేరాలి, ఒక్కసారి కొడితే ఆగాలి. ఇద్దరిదీ ఒకటే జబ్బు, రక్త కాన్సరు. ఇద్దరి నెత్తినా ఒక్క వెంట్రుక లేదు. ఎండ పడితే రెండు గుండ్లూ స్టీలు గిన్నెల్లా మెరిసేవి.

మూడు వారాలు గడిచాక ఒక సోమవారం పొద్దున, పాప ఒళ్ళు పెనంలా కాలింది. రక్తం తీశారు. మందు చెడ్డ కణాలతో పాటు మంచివాటినీ ఊడ్చిపెట్టేసిందనీ, వేలల్లో ఉండాల్సిన తెల్లకణాలు వందే ఉన్నాయనీ, ఎవరో తుమ్మినా ప్రమాదమేననీ చెప్పి, పెద్ద డాక్టరు పాపని అదే అంతస్తు చివర ఒంటరి గదికి మార్పించాడు. అంతా పావుగంటలో అయిపోయింది. తల్లి చక్రాల మంచం వెంట పరిగెత్తింది, పాపని గదిలో పడుకోబెట్టింది, మళ్ళీ బుట్ట కోసం వార్డుకి పరిగెత్తుకొచ్చింది.

పక్క మంచం ఖాళీగా ఉంది. పరుపు మడిచి తలవైపు పెట్టారు. మంచపు ఇనప జల్లెడ కింద నేల తడిగా మెరుస్తోంది. బ్లీచింగ్ వాసన గుప్పుమంది. ఆయమ్మ మోకాళ్ళ మీద కూర్చుని తుడుస్తూ, చెయ్యి ఖాళీ లేక భుజంతో కళ్ళు ఒత్తుకుంటోంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

“డ్రైవరేడీ?” అంది తల్లి.

“వెళ్ళిపోయాడు తల్లీ. ఇందాకే. నీ హడావిడిలో నువ్వున్నావు.”

బల్ల మీద డబ్బా మూత అలాగే ఉంది, దాని చుట్టూ కట్టిన తాడు కూడా.

“ఇది... వదిలేశారా?”

“అక్కడికి ఏవీ పట్టుకెళ్ళనివ్వరుగా” అంది ఆయమ్మ, బకెట్టు ఎత్తుకుని మెట్లవైపు పోతూ.

తల్లి మూతని ముట్టుకోలేదు. బుట్టలో బట్టలు కుక్కి, గుమ్మం దాటేసరికి వెనకాల ఎవరో అమ్మ అడగడం వినిపించింది, “కండక్టరు కనబడదేం సిస్టర్?” ఆ సిస్టర్ డ్యూటీలో చేరి వారం కాలేదు. “మంచం మార్చాం” అంది, మామూలుగా. అంతే, వార్డు మొత్తం మాట పడిపోయింది. ఎవరి ఫోన్లోనో మోగుతున్న పాట ఠక్కున ఆగింది. ఒక పిల్లాడు ఏదో అడగబోతే వాళ్ళమ్మ “ష్” అంది. బతుకంతా కుట్టుమిషను ముందు గడిపిన మనిషి తల్లి, కుట్టు ఎక్కడ తప్పిందో చెవితోనే పట్టేయగలదు, ఆ నిశ్శబ్దంలో ఏదో కుట్టు తప్పిందని తెలిసింది. కానీ వెనక్కి తిరగలేదు. తన పిల్ల ఒంటరిగా ఉంది.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. స్టీలు బల్ల మీద అది గుర్రుమంటూ పురుగులా అంచు వైపు పాకింది. తెర మీద ‘డ్రైవరమ్మ’ అని ఉంది. తల్లి రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని చూస్తూ కూర్చుంది. ఏమని ఎత్తాలి. ఏమని ఓదార్చాలి, అదీ జ్వరంతో కాలుతున్న పిల్ల పక్కన కూర్చుని. మూడుసార్లు మోగింది. సాయంత్రానికి ఆగిపోయింది. హమ్మయ్య అనిపించింది, అనిపించినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆ గదిలో పనికి అంతుండదు. లోపలికి వచ్చిన ప్రతిసారీ మోచేతుల దాకా సబ్బు, గోళ్ళ కింద బ్రష్షు. చెంచాలూ గిన్నెలూ మరిగించాలి. నాలుగు గంటలకోసారి పాప నోరు పుక్కిలింపించాలి. లోపలికి పోయిన ప్రతి గుక్కా, బయటికి వచ్చిన ప్రతి చుక్కా కొలిచి కాగితం మీద రాయాలి. గదిలో గాలి తోసే మిషను ఒకటి రాత్రీ పగలూ ఒకే శృతిలో మూలుగుతుంటుంది, ఆ మూలుగు వినీ వినీ కాసేపటికి అందులో ఎవరో మాట్లాడుతున్నట్టు ఉంటుంది. ఒకే కిటికీ. దాని అద్దానికి పాలరంగు కాగితం అంటించారు, వెలుతురు తప్ప ఏదీ రాదు. కింద మూల మాత్రం, సరిగ్గా పాప తలగడ దగ్గర, అరచేతి మేర ఆ కాగితం ఊడిపోయి ఉంది.

మంగళవారం నాలుగింటప్పుడు తల్లి ఆ గదికి ముందున్న చిన్న గదిలో తొట్టి దగ్గర గిన్నెలు కడుగుతుంటే లోపల్నించి టక్ టక్ మంది.

వచ్చి చూస్తే పాప పక్కకి తిరిగి, అద్దానికి అరచెయ్యి ఆనించి ఉంది. ఇంకో చేతిలో చెంచా.

“ఏంటి నాన్నా ఆ చప్పుడు?”

“రైట్ రైట్ అన్నా. డ్రైవర్ కి.”

తల్లి చేతుల్లోంచి నీళ్ళు కారుతున్నాయి. తుడుచుకోవడం మర్చిపోయింది.

“డ్రైవర్ ఎక్కడున్నాడమ్మా?”

“పైన” అంది పాప, అదేం ప్రశ్న అన్నట్టు. “తెల్లచొక్కా వేసుకున్నాడు. వాడికి ఇప్పుడు నోరు లేదు.”

“నోరు లేకపోవడమేంటి?”

“లేదంతే. కళ్ళున్నాయి. నిన్న ఐదు చూపించాడు, ఇవాళ నాలుగు.” పాప సూది గుచ్చని చెయ్యి ఎత్తి నాలుగు వేళ్ళు చూపింది. బొటనవేలు మడిచి, జాగ్రత్తగా.

తల్లి నడుం వంచి ఆ ఊడిపోయిన చోటులోంచి చూసింది. రెండు భవనాల మధ్య సందు, అటువైపు బూడిదరంగు గోడ, కిటికీలు, అన్నిటికీ తెరలు వేసి ఉన్నాయి. ఒక్క మనిషి లేడు. సందులో గాలి కూడా కదలడం లేదు. “ఎవరూ లేరుగా తల్లీ” అంది. వెళ్ళిపోయాక చూస్తే ఎవరుంటారు అన్నట్టు పాప ఓ చూపు చూసి కళ్ళు మూసుకుంది.

బుధవారం జ్వరం తగ్గలేదు, కణాలు వంద మీదే కూర్చున్నాయి. నాలుగింటికి మళ్ళీ టక్ టక్. ఈసారి తల్లి సబ్బు చేతులతోనే పరిగెత్తింది, అయినా అందలేదు.

“మూడు” అంది పాప. “రమ్మంటున్నాడమ్మా. ఇలా.” వేళ్ళు మడిచి తెరిచి చూపింది. “నా సీటు ఎవరికీ ఇవ్వడంట.”

“నోరు లేదన్నావు. ఎలా చెప్పాడు?”

“చేతుల్తో. నాకు తెలుస్తుంది.”

తల్లి ముందు గదిలోకి వచ్చి తలుపు దగ్గరికేసి మొగుడికి ఫోన్ చేసింది. అతను ప్రెస్సులో కాగితాలు కోసే మిషను మీద ఉంటాడు. జలుబు చేసిందని నాలుగు రోజులుగా అతన్ని మెట్ల దగ్గరే ఆపేస్తున్నారు. అంతా విని కాసేపు తుమ్ము ఆపుకున్నాడు.

“దెయ్యానికైనా ఆ అంతస్తుకి పాసుండాలే. కన్నతండ్రినే రానివ్వట్లేదు.”

“నవ్వులాటగా ఉందా మీకు.”

“లేదులే. జ్వరంలో పిల్లలకి ఏవో కనబడతాయి. పోనీ వాళ్ళమ్మకి ఓసారి ఫోన్ చెయ్యకపోయావా, పాపం.”

“ఏమని చెయ్యను? మా అమ్మాయి ఉంది, మీ అబ్బాయి లేడు కదా, ఎలా ఉన్నారూ అనా?”

అటునుంచి కాగితాలు కోస్తున్న చప్పుడు. కత్తి దిగుతోంది, లేస్తోంది.

ఆమె లోపలికి వచ్చి సెలైన్ సూదికి అంటించే తెల్ల ప్లాస్టరు చుట్ట తీసింది. నాలుగు ముక్కలు సమానంగా కత్తిరించింది. కిటికీ మూల ఊడిన చోట ఒకదాని పక్కన ఒకటి, అంచు మీద అంచు ఎక్కేలా, లంగాకి మడత కుట్టినంత శుభ్రంగా అంటించి బొటనవేలితో నొక్కింది. పాప ఏడవలేదు. ఆ వేలు వంకే చూసింది.

“ఎందుకు మూసేశావు?”

“గాలి వస్తోంది నాన్నా.”

“అద్దంలోంచి గాలి రాదు” అని, పాప గోడవైపు తిరిగి పడుకుంది.

అంతే, గురువారం పొద్దున్నుంచి పిల్ల జావకి నోరు తెరవలేదు. జావ చెంచా పెదాలకి ఆనిస్తే పళ్ళు బిగించింది. తల్లి కాగితం మీద రాసింది, జావ సున్నా, పాలు ఇరవై, నీళ్ళు నలభై. ఆ సున్నాని చూస్తుంటే కాగితానికి కన్నం పడ్డట్టుంది. పెద్ద డాక్టరు వచ్చి పాప నోట్లోకి లైటు వేసి చూసి, కాగితం చూసి, తల్లిని గుమ్మం దగ్గరికి పిలిచాడు.

“కణాలు లేవాలంటే మందొక్కటే చాలదమ్మా. ఒంట్లోకి ఏదో ఒకటి పోవాలి. రేపు సాయంత్రం దాకా చూద్దాం. తాగకపోతే ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదు. ఈ కణాలతో గొట్టమంటే, పుండు పడితే మళ్ళీ అదో గొడవ.”

“తాగిస్తానండీ” అంది తల్లి. ఎలాగో ఆమెకే తెలియదు.

నాలుగింటికి గదిలో మిషను మూలుగు తప్ప చప్పుడు లేదు. పాప గోడకేసి తిరిగే ఉంది, కానీ నిద్రపోవడం లేదు. అటువైపు చెవి పెట్టి వింటోంది.

“ఇవాళ రెండు” అంది, గోడతో.

తల్లి మంచం పట్టె మీద కూర్చుంది. “ఒకటి అయ్యాక ఏమవుతుంది తల్లీ?”

“బస్సు బయల్దేరుతుంది.”

“నువ్వు... నువ్వెక్కుతావా?”

“కండక్టర్ లేకుండా బస్సెలా పోతుందమ్మా.” పాప గొంతు చేతికి తగిలే గుడ్డపీలికలా సన్నగా ఉంది. “ఒకటి చూపించేటప్పుడు ఉండమన్నాడు. ఉంటానని చెప్పా. నువ్వే మూసేశావు.”

ఆ రోజు తల్లి ఒక్క ముద్ద మింగలేదు. చేతులు కడుక్కుంది, గిన్నెలు మరిగించింది, మరిగినవే మళ్ళీ మరిగించింది.

శుక్రవారం మూడున్నరకి సిస్టర్ వచ్చి, స్టీలు పళ్ళెంలో సన్నటి గొట్టం, దూది, ప్లాస్టరు సర్ది, మీద గుడ్డ కప్పి పోయింది. ఐదింటికి డాక్టరొస్తాడు. తల్లి ఆ పళ్ళెం వంక చూసింది, కిటికీ వంక చూసింది. పాప పెదాలు ఎండి చీలిపోయాయి. వాడెవడైతేనేం, చచ్చినవాడైతేనేం, ఇవాళ వాణ్ణి తన కళ్ళతో చూడాలి. చూసి ఒక్క మాట చెప్పాలి. నువ్వు మంచివాడివి నాన్నా, నీకు దణ్ణం పెడతాను, ఒక్కడివే పో. ఈ మాట తల్లి మనసులో నాలుగైదుసార్లు అనుకుని చూసుకుంది, గొంతు వణక్కుండా రావాలని.

ప్లాస్టరు అంచు గోటితో లేపి నాలుగు ముక్కలూ ఒక్కొక్కటీ ఊడదీసింది. పాప తల తిప్పి చూసింది. తల్లి పాపని మెల్లగా జరిపి, సెలైన్ తీగ చిక్కుపడకుండా పైకి పట్టుకుని, ఆ పిల్ల పడుకున్న చోటే, ఆ తలగడ మీదే తలపెట్టి పడుకుంది.

అక్కడినుంచి అంతా వేరేగా ఉంది. నిలబడి వంగి చూస్తే ఎదుటి గోడే కనిపించేది. పడుకుని చూస్తే చూపు ఏటవాలుగా పైకి పోయి, ఒక అంతస్తు పైన, కొత్త భవనంలో ఒకే ఒక్క కిటికీ దగ్గర ఆగుతోంది. దానికి ఆకుపచ్చ తెర. తెర నిండుగా వేసి ఉంది. సందు ఇటునుంచి అటుకి పదిహేను అడుగులుంటుందేమో.

తెర మూల కదిలింది.

ముందు ఒక చెయ్యి. తర్వాత గుండు. తెల్లచొక్కా. కళ్ళ కింద ముఖం మొత్తం తెల్లగా, నున్నగా, నిజంగానే నోరు లేదు. వాడు ఒక్క వేలు ఎత్తి చూపాడు. అనుకున్న మాట ఒక్కటీ రాలేదు ఆమెకి. వాడు చూపు నిలిపి, కిందున్నది ఎవరో పోల్చుకోలేక కాబోలు, ముందుకి వంగి అరచెయ్యి అద్దానికి ఆనించాడు. చెయ్యి తీసేశాక అద్దం మీద ఐదు వేళ్ళ మేర ఆవిరి నిలబడి, అంచుల్నించి మెల్లగా కరిగిపోయింది.

కుట్టిన ప్రతి బట్టకీ ఇస్త్రీపెట్టె పట్టే మనిషి ఆమె. వెచ్చనిది తగిలితేనే ఆవిరి. అప్పుడు చూసింది, వాడి చెవుల వెనక్కి పోయిన తాళ్ళు. ముఖానికి కట్టిన గుడ్డ. ఒట్టి గుడ్డ.

ఇంతలో వాడి వెనక ఒక ఆడమనిషి వచ్చి తెర లాగబోయి, కిందకి చూసి, లాగుతున్న చెయ్యి అలాగే ఆపేసింది. డ్రైవరమ్మ. ఇక్కడ పాప కూడా తల్లి బుగ్గ పక్కనుంచి తన గుండు దూర్చింది చూడ్డానికి. డ్రైవరమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది, రెండో చేత్తో కొడుకుని పొట్టకి అదుముకుని ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ చూపు తల్లికి బాగా తెలుసు. నాలుగు రోజులుగా తను మోస్తున్న చూపే అది. అటునుంచి చూస్తే దెయ్యం ఇక్కడుంది, తన భుజం పక్కన, చెంచా పట్టుకుని.

తల్లి ఫోన్ తీసి నొక్కింది. పైన ఆ మనిషి చేతిలో వెలుగు కనిపించింది. ఆవిడ దాని వంక చూస్తోంది. ఎత్తడం లేదు. మోగుతోంది, మోగుతోంది. పాపకి ఓపిక అయిపోయి చెంచాతో అద్దం మీద టక్ టక్ కొట్టింది. ఆ పదిహేను అడుగులు దాటి ఆ చప్పుడు వినిపించిందో లేదో గానీ, ఫోన్లో ఊపిరి వినిపించింది.

“అక్కా, నేను.”

“నీ పక్కన...” డ్రైవరమ్మ అద్దం దగ్గరికి ఒరిగింది. “నీ పక్కన ఎవరున్నారు చెల్లీ?”

“పాప.”

“మంచం మార్చారన్నారు.”

“మార్చారక్కా. జ్వరమొస్తే ఈ గదికి మార్చారు.”

పైన డ్రైవరమ్మ కిటికీ గట్టు పట్టుకుని నిలబడింది.

“ఆ వార్డులో పిల్లలు పోతే పోయారనరు చెల్లీ. మంచం మారింది అంటారు. మేమే అలా పెట్టుకున్నాం, పక్క పిల్లలు వినకుండా. నీకు చెప్పినవాళ్ళు లేరు. నేను మూడుసార్లు చేశా, ఎత్తలేదు. వార్డుకి చేసి అడిగితే మంచం మారిందన్నారు. ఇంక మళ్ళీ ఎలా చెయ్యను. వీడేమో రోజూ కండక్టర్ కనబడుతోంది అంటాడు. రోజంతా తెర వేసే ఉంచుతున్నా. నాలుగింటికి గిన్నెలు కడగడానికి పోతే చాలు, తీసేస్తాడు వెధవ.”

“మీవాడు వెళ్ళిపోయాడంది ఆయమ్మ.”

“వెళ్ళిపోయాంగా, ఇక్కడికి. ఆఖరి కోర్సు, ఐదు రోజులు. రేపు ఇంటికి...” డ్రైవరమ్మ ఆగింది. “నువ్వేమనుకున్నావు?”

తల్లి పాప గుండుని బుగ్గకి అదుముకుంది.

“అందుకా ఎత్తలేదు” అంది డ్రైవరమ్మ. కోపం లేదు ఆ మాటలో. “ఎలా ఎత్తుతావులే. నేనూ మానేశాగా.” తర్వాత ఏదో చప్పుడు, ఏడుపో నవ్వో. “బంగారంలాంటి పిల్లల్ని ఇద్దరం కలిసి చంపేసుకున్నాం గదే.”

ఫోన్ పాప లాక్కుంది. అటూ చేతులు మారినట్టుంది.

“కండక్టర్, జావ తాగావా?”

“లేదు.”

“నేను తాగేశా. నువ్వు తాగకపోతే బస్సు తియ్యను.”

పాప ఫోన్ చెవి దగ్గరే పెట్టుకుని నోరు తెరిచింది. మొదటి చెంచాకి చీలిన పెదవి మండి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా మింగింది. కొంచెం జావ గడ్డం మీద ఒలికింది. ఒలికినదాన్ని లెక్కలోంచి తీసేస్తూ, తల్లి పన్నెండు చెంచాలు పెట్టింది. సిస్టర్ ఏదో పనిమీద వచ్చి, మంచంలో ఇద్దర్నీ చూసి, కాసేపు నిలబడి, పళ్ళెం మీద గుడ్డ సర్ది దాన్ని పట్టుకుని వెళ్ళిపోయింది.

ఫోన్ పెట్టేసే ముందు డ్రైవరమ్మ “సరే చెల్లీ, వెళ్...” అని ఆగిపోయింది. ఆ మాట అనకూడదు. రెండో మాట అనడానికి ఇద్దరిలో ఎవరికీ నోరు రాలేదు. మిషను మూలుగుతోంది.

“ఉంటాను” అంది చివరికి.

“ఉండండక్కా.”

“ఉంటా డ్రైవరూ” అని అరిచింది పాప, అరిచినా గుసగుసలాగే వచ్చింది.

శనివారం పొద్దున కణాలు మూడు వందలన్నారు. ఇంకా చాలా దూరముంది, రెండు వారాలో మూడో, ఆ తర్వాత మళ్ళీ మందు. ఆయమ్మ డ్రైవరు డబ్బా మూతని మరిగే నీళ్ళలో కడిగి తెచ్చి గుమ్మం దగ్గరే తల్లికి ఇచ్చి, “అది అక్కడ వద్దన్నారు గానీ ఇక్కడ పర్లేదంటలే” అంది. తల్లి తలగడ మీద తల వంచి పైకి చూసింది. ఆకుపచ్చ తెర పూర్తిగా తీసి ఉంది. లోపల మంచం మీద పరుపు మడిచి ఉంది, ఇనప జల్లెడ కనిపిస్తోంది. తెలిసి కూడా ఒక్క క్షణం ఒళ్ళు జలదరించింది.

“వెళ్ళిపోయాడు” అంది పాప, పాలు తాగుతూ, గొప్పగా.

బల్ల మీద ఫోన్ గుర్రుమంది. అది అంచు వైపు పాకకముందే, మొదటి మోతకే తల్లి అందుకుంది. హలో అనలేదు.

“ఉన్నామక్కా” అంది.